క్లచ్ జారుతోందా? గేర్‌బాక్స్ దించకముందే కారణం పట్టుకోండి

లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోనంటుంది. కాలిన లైనింగ్ వాసన క్యాబిన్‌లోకి కొడుతుంది. ఇది క్లచ్ జారడమే. అనుమానం తీరాలంటే ఖాళీ రోడ్డు మీద పై గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, వేగం అక్కడే ఉండిపోతే ఖాయం.

అయినా వెంటనే స్పానర్ పట్టకండి. కేబుల్ లేదా లింకేజీ ఉన్న బండిలో పెడల్‌కు ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఖాళీగా దిగే దూరం లేకపోతే, క్లచ్‌ను వదిలించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది) వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. సగం పట్టుతో నడిచి నడిచి క్లచ్ ప్లేటు కాలిపోతుంది. ముందు అది సరిచేయండి. తర్వాత బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) అడుగున తడిమి చూడండి. తడి తగిలితే వాసన చూడండి. గంధకంలా ఘాటుగా, చిక్కగా ఉంటే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయింది. పల్చగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, క్రాంక్ వెనక సీలును అనుమానించాలి. ఒకసారి నేను ‘సీలు బాగానే ఉందిలే’ అనుకుని కొత్త క్లచ్ సెట్టు బిగించేశాను. నెల తిరక్కుండా అదే గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సి వచ్చింది.

రివర్స్ వేస్తే గరగరమంటోందా? అది జారడం కాదు, క్లచ్ పూర్తిగా వదలకపోవడం. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండిలో పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతోందంటే లైన్లో గాలి చేరి ఉండాలి, లేదా మాస్టర్, స్లేవ్ సిలిండర్లలో ఏదో లోపల లీకవుతూ ఉండాలి. గాలే అయితే బ్లీడింగ్‌తోనే, అంటే లైన్లోంచి గాలి తీసేస్తేనే పని అయిపోవచ్చు.

పెడల్ తొక్కినప్పుడు కీచుమంటే రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో పెడల్ వదిలేసినప్పుడు వచ్చే రొద, తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. క్లచ్ మార్చినా ఆ రొద పోదు.

ఇవన్నీ చూశాక కూడా క్లచ్‌దే తప్పయితే ప్లేటు ఒక్కటే మార్చకండి. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా మార్చండి. బ్యాటరీ నెగటివ్ తీసి, చక్రాలకు అడ్డం పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించేది) విప్పే ముందు గుర్తు గీసుకోండి. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఫ్లైవీల్ మీద, అంటే క్లచ్ ప్లేటు ఆనే ఇంజిన్ చక్రం మీద. నీలం మచ్చలు, వెంట్రుక సన్నని పగుళ్లు, గోరుకు తగిలే గాడి ఉంటే అలాగే వదిలేయకండి. కొత్త ప్లేటు కూడా దాని మీద వణుకుతుంది. మచ్చలు, గాడి లేత్ మీద పోతాయేమో చూడాలి, పగులుంటే మాత్రం ఫ్లైవీలే మార్చాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగ్ వేలితో తిప్పితే గరుకుగా తగిలినా మార్చేయండి.

ప్లేటు మీద ‘ఫ్లైవీల్ వైపు’ అన్న గుర్తు చూసి పెట్టండి, డమ్మీ షాఫ్ట్‌తో (ఇన్‌పుట్ షాఫ్ట్‌లా ఉండే పనిముట్టు) సెంటర్ చేయండి. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి, చివర మాన్యువల్‌లో ఉన్న టార్క్ ఇవ్వండి. షాఫ్ట్ మీది స్ప్లైన్లకు (పళ్లలాంటి గాళ్లకు) గ్రీజు పల్చగా చాలు. ఎక్కువైతే విసిరి లైనింగ్ మీద పడుతుంది. గేర్‌బాక్స్ బరువు ఒక్క క్షణం కూడా ప్లేటు మీద వేలాడకూడదు, హబ్ వంకరపోతుంది. ప్లేటు సరిగ్గా సెంటర్ అయితే గేర్‌బాక్స్ చేత్తో తోస్తే చాలు, లోపలికి జారుతుంది. ఆగిందంటే బోల్టులతో లాగకండి, వెనక్కి తీసి చూడండి.