బడి తెరిచే ముందు: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం తల్లిదండ్రులకు తొలకరి జాగ్రత్తలు

వేసవి సెలవులు ముగిసి జూన్ 12న బడులు తెరుచుకోవడం రాష్ట్రంలో కొన్నేళ్లుగా ఆనవాయితీ అయింది. ఇంచుమించు ఆ వారంలోనే ఉత్తరాంధ్ర పల్లెల్లో తొలకరి జల్లులు పడతాయి, పెద్దలు దుక్కులకు పొలం బాట పడతారు, ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల చేపల వేట నిషేధం జూన్ 14తో తీరిపోగానే భావనపాడు నుంచి చింతపల్లి దాకా తీరగ్రామాల తండ్రులు మళ్లీ సముద్రంలోకి వెళ్తారు. పిల్లలు కొత్త తరగతికి, కొందరు కొత్త బడికి, కొత్త దారిలో నడిచే రోజుల్లోనే వారిని కనిపెట్టుకుని ఉండే పెద్దలు ఇంటి దగ్గర తక్కువవుతారన్నమాట. ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లు, సంచీ కిట్టుగా అందుతున్నాయి గనుక వాటి గురించి అంత కంగారు అక్కర్లేదు. తల్లిదండ్రుల ధ్యాస ముఖ్యంగా ఉండవలసింది ఇంటికీ బడికీ మధ్యనున్న దారి మీద, పిల్లలు తాగే నీటి మీద.

దారి సంగతి ముందుగా చూద్దాం. 2025లో ప్రభుత్వం బడుల విలీనానికి దారితీసిన పాత 117వ నంబరు జీవోను పక్కనపెట్టి బడులను తొమ్మిది రకాలుగా పునర్వ్యవస్థీకరించి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లను ఏర్పాటు చేసింది. చదువుకు ఇది మేలు చేసే మార్పే అయినా, సొంత వీధిలోని బడికి వెళ్లే పిల్లల్లో కొందరు ఇప్పుడు పక్క ఊరికి వెళ్లవలసి వస్తోంది. అటువంటి ఇళ్లవారు బడి తెరవడానికి రెండు మూడు రోజుల ముందే పిల్లలతో కలిసి ఆ దారిలో ఒకసారి నడిచి వెళ్లి, నడిచి రావాలి. మోటారు సైకిలు మీద తీసుకెళ్లి చూపిస్తే సరిపోదు, ఎందుకంటే కల్వర్టుకు పిట్టగోడ ఉందో లేదో, కుక్కలు ఏ మలుపులో గుంపుగా ఉంటాయో, తెగిన కరెంటు తీగ ఎక్కడ వేలాడుతోందో నడిచినప్పుడే కంటపడుతుంది. దారి పొడవునా వాన వస్తే ఆగదగిన రెండు మూడు పక్కా ఇళ్లను గుర్తించి, ఆ ఇంటివారితో ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలి.

మన జిల్లాల్లో నీటి ప్రమాదమంటే అందరికీ వంశధార, నాగావళి గుర్తొస్తాయి గాని, ప్రాథమిక బడి పిల్లలకు అసలు ముప్పు చిన్న గెడ్డల (వాగుల) దగ్గరే ఉంటుంది. ఏరుకు వరద వస్తే అధికారులు హెచ్చరిస్తారు, జనం గట్టున నిలబడతారు. ఊరి పక్క గెడ్డ మాత్రం ఎగువ కొండల మీద కురిసిన వానకు, ఇక్కడ ఎండ కాస్తుండగానే, అరగంటలో పొంగి సాయంత్రానికి తగ్గిపోతుంది. పారే నీరు పిల్లల మోకాలి లోతున్నా వారిని పడగొట్టగలదు. కాబట్టి గెడ్డలో రంగు మారిన నీరు పారుతుంటే దాటకూడదనీ, బడి నుంచి వచ్చేటప్పుడైతే వెనక్కి వెళ్లి మేస్టారి దగ్గర ఉండాలనీ, ఆలస్యమైనందుకు ఇంట్లో ఎవరూ కోప్పడరనీ పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. ఈ చివరి మాట చాలామంది చెప్పరు. తిడతారన్న భయంతోనే పిల్లలు తెగించి దాటుతారు.

చెరువుల విషయంలో మరొక ప్రమాదం ఉంది. వేసవిలో ఉపాధి పనుల్లో పూడిక తీసిన చోట, ఇళ్ల మెరకకు మట్టి తవ్వుకుపోయిన చోట గోతులు నిటారుగా మిగిలి, మొదటి వానలకే నిండిపోతాయి. నిరుడు నడుం లోతున్న చోట ఈ ఏడు నిలువు లోతు ఉండవచ్చు, పైకి చూస్తే నీరు ఒకేలా కనిపిస్తుంది. ఈతకు వెళ్లవద్దని చెప్పడంతో ఆగకుండా, తోటి పిల్లవాడు మునుగుతుంటే తాము దిగకుండా కర్రో తువ్వాలో అందించి పెద్దగా కేకలు వేయాలని కూడా నేర్పాలి, ఎందుకంటే ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనలే మన వైపు ఎక్కువగా వింటుంటాం. బయటకు తీసిన పిల్లలను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం మానుకుని, శ్వాస లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందిస్తూ, తెలిసినవారు ఛాతీ నొక్కుతూ, 108కి ఫోను చేయించాలి.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఊళ్లను చీల్చుకుంటూ పోతుంది. బడి ఒక పక్క, ఇళ్లు మరొక పక్క ఉన్న ఊళ్లు దాని పొడవునా ఉన్నాయి. అండర్‌పాస్ కాస్త దూరమైనా దాని గుండానే వెళ్లడం అలవాటు చేయాలి. పెద్దలు డివైడరు సందులోంచి దూకి దాటుతుంటే పిల్లలు అదే నేర్చుకుంటారు, అప్పుడు ఎన్ని సుద్దులు చెప్పినా పనిచేయవు. చీపురుపల్లి, ఆమదాలవలస, పలాస వైపు రైలు పట్టాలు దాటే దారుల్లోనూ ఇదే వర్తిస్తుంది.

ఆటోలో పంపేవారు డ్రైవరును మూడు విషయాలు అడగాలి: మొత్తం ఎంతమందిని ఎక్కిస్తాడు, తన సీటులో పిల్లలను కూర్చోబెట్టుకుంటాడా, కుడి పక్కకు అడ్డుకమ్మీ ఉందా. సమాధానం నచ్చకపోతే నెలకు రెండు వందలు ఎక్కువైనా మరో బండి చూసుకోవడమే నయం. ప్రైవేటు బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది, బడులు తెరిచేలోపు రవాణా శాఖ తనిఖీ చేయించి కొత్త పత్రం తీసుకోవాలి. ఆ పత్రం చూపించమని యాజమాన్యాన్ని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సొంత మోటారు సైకిలు మీద దింపేవారు నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి అని గుర్తుంచుకోవాలి.

తొలకరి పిడుగులు మన రెండు జిల్లాలకు కొత్త కాదు. మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, మూడు నాలుగు గంటలకు మబ్బు పట్టి ఉరమడం జూన్ నెల తీరు, బడి వదిలే వేళ కూడా అదే. మెరుపు కనిపించాక ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పడే దూరంలోనే ఉన్నామని అర్థం, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. దారిలో చిక్కుకున్న పిల్లలు తాటిచెట్టు కిందికో, జీడిమామిడి తోటలోకో, పొలంలోని రేకుల పాక కిందికో పరుగెత్తకుండా దగ్గర్లోని పక్కా ఇంట్లోకి వెళ్లాలి. ఏ ఆశ్రయమూ లేని చోట చెట్లకు, స్తంభాలకు దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టి ఒదిగి కూర్చోవడం తప్ప మార్గం లేదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాక్ కొడుతుందన్నది ఒట్టి అపోహ. వెంటనే సాయం అందితే బతికేవారు చాలామంది ఉంటారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా పంపే పిడుగు హెచ్చరికలు ఫోనుకు వస్తున్నాయి గనుక, బడి వదిలే ముందు ఉపాధ్యాయులు ఒకసారి చూసుకుని, అవసరమైతే పిల్లలను బడిలోనే ఆపి ఉంచేలా తల్లిదండ్రులు ముందే మాట్లాడుకోవడం మంచిది.

వానలు ఆలస్యమైన ఏడాది జూన్ రెండో పక్షంలోనూ రోహిణి కార్తె ఎండలే కాస్తాయి. పిల్లలను ఖాళీ కడుపుతో పంపకూడదు. చోడి (రాగి) అంబలి గాని, చద్దన్నంలో మజ్జిగ కలిపి గాని పెట్టి పంపితే ప్రార్థన వేళ కళ్లు తిరిగి పడిపోవడం ఉండదు. నీళ్ల సీసా సాయంత్రం తిరిగి వచ్చాక ఎంత మిగిలిందో రోజూ చూడాలి. నిండుగా తిరిగొచ్చిందంటే పిల్లలు నీళ్లు తాగలేదని, చాలాసార్లు మరుగుదొడ్డి బాగోలేక లేదా అడగడానికి సిగ్గుపడి తాగడం మానేశారని అర్థం. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఎండలో నీరు సరిగా తాగకపోవడం మూత్రపిండాలకు మంచిది కాదని ఉద్దానం వైపు ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో మూత్రపిండాల జబ్బు చూడని వీధి అరుదు. మరుగుదొడ్డిలో నీరు లేకపోతే, తలుపుకు గడియ లేకపోతే దాన్ని చిన్న విషయంగా వదలకుండా పాఠశాల యాజమాన్య కమిటీ మొదటి సమావేశంలోనే రాయించాలి.

ఇక నీటి శుభ్రత. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ప్రబలిన అతిసారం ప్రాణాలు తీసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. మురుగు కాలువ గుండా పోయే తాగునీటి పైపు ఎక్కడైనా పగిలి ఉంటే, మొదటి వానలకు ఆ మురికి కుళాయిలోకి చేరుతుంది. బడి తెరిచేలోపు బడిలోని ట్యాంకు కడిగించి క్లోరిన్ వేయించారా అని ప్రధానోపాధ్యాయుణ్ణి, సచివాలయ సిబ్బందిని అడగవచ్చు. ఇంట్లో మాత్రం నీళ్లు తెర్లనిచ్చి, ఒక నిమిషం ఆగి దించి, చల్లార్చి, మూత ఉన్న బిందెలో పోసి పొడవు కాడ గరిటెతోనే ముంచాలి. కాచిన నీటిలో చెయ్యి ముంచితే కాచిన ఫలం దక్కదు. మధ్యాహ్న భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంటి దగ్గర అలవాటైతేనే బడిలో సాగుతుంది.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. సగం పొట్లం గ్లాసులో కలపడం మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. ఉప్పు పాళ్లు మారితే మేలుకు బదులు కీడే జరుగుతుంది. పొట్లం దొరకని వేళ లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే 20 మిల్లీగ్రాముల జింకు మాత్రను, విరేచనాలు తగ్గినా, 14 రోజులూ వేయాలి. కళ్లు లోతుకు పోవడం, మగతగా ఉండడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, విరేచనంలో రక్తం కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జ్వరాల కాలం జూలై నుంచి ముదురుతుంది. డెంగీ దోమ పగటిపూటే, అంటే బడి వేళల్లోనే, కుడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా తొడగడం, వారానికొకసారి ఇంటి చుట్టూ పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లోని నీరు ఒలకబోయడం అవసరం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు వైద్యుణ్ణి అడగకుండా వేయకూడదు. జ్వరంతో ఉన్న పిల్లలను హాజరు పోతుందన్న బెంగతో బడికి పంపడం ఎవరికీ మేలు కాదు.

వసారాలో విడిచిన బూట్లను పొద్దున్నే బోర్లించి తట్టి గాని తొడగకూడదు. తేళ్లు, ఒక్కోసారి పాము పిల్లలు కూడా, వానకు తడవని ఆ చీకటిలో దూరతాయి. నేల మీద పడుకునే ఇళ్లలో రాత్రి కట్లపాము భయం ఉంటుంది, దోమతెరను పక్క కిందికి దోపితే దోమకూ పాముకూ అదే రక్ష. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం మాని, కాళ్ల గొలుసులు, గాజులు తీసేసి, కరిచిన కాలు చెయ్యి కదలకుండా ఉంచి విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. కుక్క కరిస్తే, గోటి గీతే అయినా, పావుగంట సేపు సబ్బునీటి ధారతో కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టించాలి.

కాగితాల పని కొంచెమే. ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించాలి, ఏడేళ్లలోపు ఇది ఉచితం. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము పడాలంటే తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, పిల్లల హాజరు 75 శాతం ఉండాలి. వలస వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలు మాత్రం ఒకటి తెలుసుకోవాలి: టీసీ రాలేదనో, వయసు పత్రం లేదనో ప్రవేశం నిరాకరించడానికి 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, కాబట్టి పత్రం వచ్చేదాకా పిల్లలను ఇంట్లో ఉంచవద్దు. ఐదారేళ్ల మధ్య వేయవలసిన డీపీటీ బూస్టరు టీకా వేయించారో లేదో పనిలో పనిగా ఏఎన్ఎం దగ్గర చూసుకోవాలి. సంచీ బరువు పిల్లల బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది.

మొదటి తరగతిలో చేరే పిల్లల్లో ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మెళియాపుట్టి, మందస కొండల్లో సవర మాట్లాడేవారు ఉంటారు. దాహం వేస్తోంది, కడుపు నొప్పి, మరుగుదొడ్డికి వెళ్లాలి, ఎవరో కొట్టారు అన్న నాలుగు మాటలు తెలుగులో చెప్పడం బడి తెరిచేలోపు నేర్పితే చాలు, మిగతా భాష బడిలోనే వస్తుంది. ఇంటిభాష తెలిసిన పెద్ద తరగతి పిల్ల ఒకరిని తోడుగా పెట్టమని ఉపాధ్యాయులను అడగాలి.

చెన్నై, హైదరాబాదులకు పనికి వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు తాతగారి దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండి చదువుతుంటారు. బడి రిజిస్టరులో తండ్రి నంబరొక్కటే రాసి ఉంటే, పిల్లకు జ్వరం వచ్చినప్పుడు ఆ ఫోను నిర్మాణ పనిలోనో నడిసముద్రంలోనో మోగుతుంది, లేదా అసలు మోగదు. ఊళ్లో ఉండే ఇద్దరి నంబర్లు, వారిలో ఒకరు కుటుంబ సభ్యులు కానివారైనా సరే, మొదటి రోజే మేస్టారికి రాసి ఇవ్వాలి. ఆ కాగితం మీదే పిల్లలను బడి నుంచి ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు రాయాలి; ఆ పేర్లలో లేనివారు వస్తే, బంధువే అయినా, ఫోనులో అడిగాకే పంపమని కోరాలి. తాతగారికి ఫోనులో నంబరు వెతకడం రాకపోతే 108, పిల్లల సహాయవాణి 1098, మేస్టారి నంబరు పెద్ద అంకెలతో తలుపు వెనక గోడ మీద సుద్దతో కాక రంగుతో రాసి ఉంచాలి.