మంచం పట్టినవారి ఇంటికి వెళ్లేటప్పుడు

"ఏమైనా అవసరమైతే చెప్పండి" అనేసి వచ్చేస్తే పరామర్శ అయిపోదు. మొహమాటం కొద్దీ ఎవరూ చెప్పరు. బైబిల్లో బర్తిమయి అనే బిచ్చగాడు గుడ్డివాడని కళ్లెదుటే కనిపిస్తున్నా యేసు "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు (మార్కు 10:51). మీరూ అడగండి, కాకపోతే ఏ పని, ఏ రోజు అన్నది కూడా చెప్పి అడగండి: "గురువారం మందులు తెచ్చిపెట్టనా, బట్టలు ఉతకనా?"

ముందు ఫోన్ చేయండి. జలుబు, దగ్గు ఉంటే తగ్గేదాకా ఆగండి. వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కుని, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నిలబడి మాట్లాడితే వాళ్లు మెడ ఎత్తి చూడాలి. ఇరవై నిమిషాలు చాలు. ప్రార్థన చేయమంటారా అని అడిగి రెండు నిమిషాల్లో ముగించండి. (ప్రార్థన ప్రసంగమైపోయేది సరిగ్గా ఇక్కడే.)

పిల్లలనీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా నేలమీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది, మాట్లాడ్డం మొదలుపెట్టాకే చెడింది. "ఏదో పాపం ఉండి ఉంటుంది", "విశ్వాసముంటే ఈపాటికి లేచేవారు" అనే మాటలు అక్కడ వద్దు. మందులు ఆపమనడం అంతకన్నా ప్రమాదం. యేసు చెప్పిన కథలో, దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుడు అతని గాయాలమీద పోసిన నూనె, ద్రాక్షారసం ఆనాటి వైద్యమే.

కదలలేనివారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒంటిని పట్టి లాగితే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని, కాస్త ఎత్తి జరపాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటిమీద ఎరుపు తెలియదు, వేడిగా గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. అక్కడ రుద్దకుండా నర్సుకు చెప్పండి. ఆహారం ఎప్పుడూ కూర్చోబెట్టే పెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పెడితే పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రోగిని చూసుకునే మనిషిని అందరూ మరిచిపోతారు. వారానికి మూడు గంటలు ఆమెను పంపించి మీరు కూర్చోండి. బయటికే వెళ్లాలని లేదు, నిద్రపోయినా సరే.

మొదటి వారం పదిమంది అన్నం తెస్తారు, నాలుగో వారానికి ఎవరూ రారు. సమరయుడు అలా చేయలేదు. గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంట్లో చేర్చి, మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములు, అంటే రెండు రోజుల కూలి ఇచ్చి, మిగతాది తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. పని మరొకరికి అప్పగించాడు, మళ్లీ వస్తానని మాటా ఇచ్చాడు. అందుకే సంఘంలో ఆరుగురిని పట్టుకుని రోజుకొకరి పేరు కాగితంమీద రాయండి, ఫోన్లన్నీ ఒక్కరికే వెళ్లాలి. ఆరు వారాలకోసారి పేర్లు మార్చండి, లేకపోతే మంచివాళ్లిద్దరే అలిసిపోతారు.

డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇవ్వండి. ఫోటోలు వద్దు. ప్రార్థన విన్నపాల్లో జబ్బు పేరు చెప్పేముందు రోగి అనుమతి తీసుకోండి. ఒకవేళ మరణం జరిగితే, నెలకీ మూడు నెలలకీ ఏడాదికీ ఆ ఇంటికి ఎవరు వెళ్లాలో ఆ కాగితంమీదే రాసిపెట్టండి.