పెరటి గులాబీ – నాలుగో పాఠం: కత్తిరింపు

గడిచిన మూడు పాఠాలలో మొక్కను ఎంచుకోవడం, మట్టి కలుపుకోవడం, నీరు పెట్టడం నేర్చుకున్నాము. ఈ పాఠానికి మీ మొక్క కనీసం ఒక ఏడాది వయసుది అయి ఉండాలి. నిరుడు వానకాలంలో కడియం నర్సరీల నుంచి తెచ్చి నాటిన అంటు మొక్క అయితే ఈ అక్టోబరుకు సరిగ్గా సరిపోతుంది. ఈ ఏడే నాటిన మొక్కకు మాత్రం ఎండిన పుల్లలు, వాడిన పూలు తీసివేయడం తప్ప ఇంకేమీ చేయకండి. దానికి ఇంకా వేళ్ళే కుదురుకోలేదు.

పొద గులాబీ కొత్తగా వచ్చిన చిగురు కొసన పూస్తుంది. పువ్వు రాలిన తరువాత ఆ కొమ్మ మీద ఆకు తొడిమ మొదట ఉండే కన్ను మొలిచి, మళ్ళీ చిగురై, దాని కొసన ఇంకో పువ్వు వస్తుంది. కొమ్మ కొసన పెరుగుతున్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ కింది కన్నులను నిద్రపుచ్చి ఉంచుతుంది కాబట్టి, మనం కత్తెర పట్టకపోతే మొలిచేవి ఎప్పుడూ పై కన్నులే. అందువల్ల మొక్క ఏటికేడు పైపైకి పోతూ సన్నబడుతుంది. చిటికెన వేలంత లావు కొమ్మ మీద పెన్సిలంత కొమ్మ, దాని మీద చీపురుపుల్లంత రెమ్మ పుడతాయి. ఆ చీపురుపుల్ల మీద పూసే పువ్వు రూపాయి బిళ్ళ కంటె పెద్దది కాదు. “మొదటి ఏడు ఎంత పెద్ద పూలు పూసిందో, ఇప్పుడు ఏమైందో తెలియదు” అని చాలామంది అనే మాటకు కారణం చాలాసార్లు ఇదే. ఎరువు ఎంత వేసినా సన్నని పుల్ల మీద పెద్ద పువ్వు రాదు. లావు కొమ్మ మీద నిద్రపోతున్న కన్నును లేపడమే కత్తిరింపు చేసే పని.

ఎప్పుడు

పాఠం మొత్తంలో నేను ఎక్కువ పట్టుపట్టేది ఈ విషయం మీదనే. తెలంగాణలోను, రాయలసీమలో చాలాచోట్ల, నైరుతి వానలు వెనుదిరిగి, ఎండ తేటపడి, రాత్రులు చల్లబడడం మొదలైనప్పుడు, అంటే అక్టోబరు నడిమి నుంచి నెలాఖరు లోపల కత్తిరించాలి. దసరా పూజలకు పూలు కోసుకున్నాక కత్తెర పట్టండి అని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. ఆ లెక్క ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నది. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం వైపు, అక్టోబరు, నవంబరు నెలలే అసలు వానలు, తుపానుల నెలలు కనుక ఆ తేదీని గుడ్డిగా పాటించకూడదు. అక్కడివారు వాన తెరిపి ఇచ్చి, వాతావరణ సూచనలో కనీసం వారం రోజులు పొడిగా ఉంటుందని తేలేవరకు ఆగాలి. డిసెంబరు వచ్చినా నష్టం లేదు.

ఒక ఏడాది సెలవులు ఉన్నాయి కదా అని నేను తొందరపడి ఒకే రోజున పన్నెండు మొక్కలూ కత్తిరించాను. మరునాటి నుంచి అయిదు రోజులు ముసురు పట్టింది. కోసిన ప్రతి కొన మీద నీరు నిలిచింది. నెల తిరిగేసరికి వాటిలో నాలుగు మొక్కలు కొస నుంచి కిందికి నల్లబడుతూ వచ్చి, అంటు దాకా ఎండిపోయాయి. దీనిని కొమ్మ ఎండు తెగులు అంటారు. ఇది శిలీంధ్రం వల్ల వచ్చేది, కోసిన గాయమే దానికి ప్రవేశద్వారం. మన ఇళ్ళలో గులాబీలను పురుగుల కంటె ఎక్కువగా చంపేది ఈ తెగులేనని నా అభిప్రాయం.

పువ్వు ఎప్పుడు కావాలో తెలిస్తే కత్తిరించే రోజును వెనక్కి లెక్కించుకోవచ్చు. కత్తిరించిన నాటి నుంచి మొదటి పువ్వు విచ్చుకోవడానికి సుమారుగా 40 నుంచి 50 రోజులు పడుతుంది. చలి ఎక్కువైతే మరికొన్ని రోజులు ఆలస్యం అవుతుంది. సంక్రాంతికి ఇంటినిండా పూలు కావాలంటే నవంబరు చివరి వారంలో కత్తిరించాలి. ఆరు మొక్కలు ఉన్నవారు అన్నిటినీ ఒకేసారి కోయకుండా వారానికి రెండు చొప్పున మూడు వారాల పాటు కోస్తే, పూలన్నీ ఒక్కసారిగా వచ్చిపడి తరువాత మొక్కలు బోసిపోవడం ఉండదు. అక్టోబరులో బద్ధకించినవారు ఏప్రిల్, మే నెలల్లో ఆ లోటు తీర్చుకోవాలని మాత్రం చూడకండి. మన వేసవిలో మొక్కకు ఉన్న ఆకే గొడుగు. దానిని తీసివేస్తే ఒంటరిగా మిగిలిన కొమ్మ తోలు ఎండకు మాడిపోతుంది.

కత్తెర

రెండు రకాల తోట కత్తెరలు దొరుకుతాయి. ఒకదానిలో రెండు పలకలు ఒకదాని పక్కగా ఒకటి జారుతూ కోస్తాయి. రెండవదానిలో ఒక పలక మరొక చదునైన పట్టె మీద పడి కోస్తుంది. గులాబీకి మొదటి రకమే వాడండి, ఎందుకంటే రెండవది పచ్చి కొమ్మను నలిపివేస్తుంది, నలిగిన చోట తెగులు పడుతుంది. బొటనవేలి కంటె లావైన ముసలి కొమ్మకు కత్తెరతో కుస్తీ పట్టకుండా చిన్న రంపం వాడాలి. ఒక మొక్క నుంచి మరొక మొక్కకు వెళ్ళేటప్పుడు పలకలను స్పిరిటులో ముంచిన దూదితో తుడవండి. తెగులు మొక్క నుంచి మొక్కకు మోసుకుపోయే దూత మన కత్తెరే.

కోత

కోత పెట్టవలసిన చోటును కన్నే చెబుతుంది. పొద నడిమి వైపు కాకుండా బయటి వైపు చూస్తున్న కన్నును ఎంచుకోవాలి, ఎందుకంటే చిగురు కన్ను చూసే దిక్కుకే పోతుంది. బయటికి పోతేనే పొద నడుమ గాలి, వెలుతురు ఆడతాయి. ఆ కన్నుకు పావు అంగుళం పైన, కన్ను ఉన్న వైపు ఎత్తుగా, దాని వెనక వైపుకు వాలుగా కోయాలి. అప్పుడు కోత మీద పడిన నీరు కన్ను మీదికి రాకుండా వెనక్కి జారిపోతుంది. మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండిపోతుంది. మరీ పైన కోస్తే మిగిలిన మోడు ఎండి, ఎండు తెగులుకు మెట్టు అవుతుంది.

కోసిన వెంటనే కొన వైపు చూడండి. కొమ్మ నడుమ ఉండే దవ్వ తెల్లగా ఉంటే ఆ కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు. గోధుమ రంగు తిరిగి ఉంటే తెగులు అప్పటికే లోపలికి దిగినట్టు. బయట తోలు పచ్చగానే కనిపిస్తున్నదని నమ్మకండి. ఇంకో కన్ను కిందికి, అవసరమైతే ఇంకా కిందికి, తెల్లని దవ్వ కనబడేవరకు కోస్తూ పోవాలి. ఎత్తు ఎంత ఉంచాలన్నది అంగుళాలలో రాసి ఉన్న పుస్తకాలు చాలా ఉన్నాయి కాని, నా మటుకు నేను దవ్వ చెప్పిన మాటకే విలువ ఇస్తాను.

ఇప్పుడు ఒక మొక్కను ఎదురుగా పెట్టుకుని చూద్దాము. డాబా మీద 14 అంగుళాల కుండీలో మూడేళ్ళ ఎర్రని హైబ్రిడ్ టీ (కొమ్మ కొసన ఒక్కొక్కటిగా పెద్ద పూలు పూసే రకం) గులాబీ, మొత్తం ఏడు కొమ్మలు ఉన్నాయనుకోండి. వెంటనే కత్తెర పెట్టకుండా ముందు చుట్టూ తిరిగి చూడండి. ఒక కొమ్మ అంటు కట్టిన ముడికి కింది నుంచి లేచింది, ఆకు రంగు వేరుగా ఉంది, పొడుగ్గా దూసుకుపోతున్నది కాని ఒక్క మొగ్గ కూడా తొడగలేదు. అది వేరు మొక్క, అంటే అంటు కట్టడానికి కింద వాడిన మొక్క, పిలక. మట్టి కాస్త తొలగించి, పుట్టిన చోటికి పోయి, కిందికి లాగి ఊడదీయాలి. కోస్తే మొదట్లో మిగిలిన కన్నులు మళ్ళీ మొలుస్తాయి. ఏడు రేకుల ఆకు ఉంటే పిలక, అయిదు రేకుల ఆకు ఉంటే అసలు కొమ్మ అన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మవద్దు, మంచి రకాలలోనూ ఏడు రేకుల ఆకులు వస్తాయి. అది ఎక్కడి నుంచి పుట్టిందన్నదే అసలు సాక్ష్యం.

రెండవది బూడిద రంగు బెరడు కట్టిన ముసలి కొమ్మ, ఈ ఏడంతా దాని మీద సన్నని రెమ్మలే వచ్చాయి. దానిని రంపంతో మొదటి వరకు తీసివేయండి. ఇంకో రెండు కొమ్మలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయి, గాలికి రాసుకుంటూ తోలు ఊడగొట్టుకున్నాయి. వాటిలో గాయం తక్కువ ఉన్నదానిని ఉంచి రెండవదానిని కోయండి. నాలుగు మిగిలాయి, అవి చాలు. వాటి మీద ఉన్న పెన్సిలు కంటె సన్నని రెమ్మలన్నీ తీసివేసి, ఒక్కో కొమ్మకు అయిదారు కన్నులు మిగిలేలా బయటి కన్ను పైన కోయండి. నాలుగింటిలో ఒకదాని కొస నల్లగా ఉంది. కోస్తూ పోతే మూడవ కన్ను దగ్గర గాని దవ్వ తెల్లగా రాలేదు. అలాగైతే ఆ కొమ్మ మిగతా వాటి కంటె పొట్టిగా ఉండిపోతుంది. ఉండనివ్వండి, ఎత్తులు సమం చేయాలని మంచి కొమ్మలను పొట్టి చేయకండి. చివరగా మిగిలిన ఆకులన్నీ తుంచి, నేల రాలిన ఆకులతో కలిపి ఇంటి ఆవరణ దాటించండి. నల్లమచ్చ తెగులు ఆ ఆకులలోనే దాగి వచ్చే వానకు మేలుకుంటుంది, అందువల్ల వాటిని కంపోస్టు గుంతలో వేయకూడదు.

గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలను ఇంత లోతుగా కోయనవసరం లేదు, పై మూడవ వంతు తీస్తే చాలు. చిట్టి గులాబీలకు పైపైన చక్కదిద్దడమే కత్తిరింపు. తీగ గులాబీల లెక్క వేరు. అవి పాత తీగల మీది పక్క రెమ్మలపై పూస్తాయి కనుక తీగను పొట్టి చేస్తే పూలే పోతాయి. ఎండినవి తీసి, పూసిన పక్క రెమ్మలను రెండు మూడు కన్నులకు కుదించండి.

కోసిన తరువాత

అదే రోజు, కోత తడి ఆరకముందే కొనలకు మందు పూయాలి. మైలుతుత్తం, సున్నం చెరి 100 గ్రాములు తీసుకుని, విడివిడిగా అర లీటరు చొప్పున నీటిలో కరిగించి, ప్లాస్టిక్ పాత్రలో కలిపితే బోర్డో పేస్టు తయారవుతుంది. రెండు మూడు కుండీలు ఉన్నవారికి అంత అవసరం ఉండదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు పొడిని నీటితో ముద్దలా చేసి కుంచెతో రాస్తే సరిపోతుంది. అదే మందును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి కొమ్మలు తడిసేలా ఒకసారి చల్లండి. చేతికి తొడుగులు వేసుకోవడం మరవకండి. పసుపు రాస్తే చాలునని అనేవారున్నారు. నాకు దాని మీద గురి కుదరలేదు.

ఆకు లేని ఈ రోజుల్లోనే పొలుసు పురుగు బయటపడుతుంది. కొమ్మ మీద ఎర్రని, గోధుమ రంగు పక్కులు కట్టి ఉంటే పాత పళ్ళకుంచెను సబ్బు నీటిలో ముంచి రుద్ది తీసివేయండి. ఇంత తేలికగా మళ్ళీ ఏడాది దాకా దొరకదు.

ఈ దశలో కొత్తవారు చేసే పెద్ద తప్పు నీళ్ళు ఎక్కువ పోయడం. ఆకు లేని మొక్క తాగేది బహు తక్కువ. వేలు రెండు అంగుళాలు దిగేవరకు మట్టి పొడిగా తగిలితేనే నీరు పోయండి, లేకుంటే వేళ్ళు కుళ్ళుతాయి. వారం పది రోజులకు కన్నులు ఉబ్బి ఎర్రబడతాయి. ఎరువు వేయవలసినది అప్పుడే. కుండీలో పై మూడు అంగుళాల మట్టి తీసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు పాళ్ళు, కొత్త మట్టి ఒక పాలు, రెండు చెంచాల ఎముకల పిండి, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. నేలలో నాటిన మొక్కకు నాలుగైదు కిలోల పశువుల ఎరువు వేసి, మొదటికి తగలకుండా చుట్టూ పాదులో కలపండి. యూరియా జోలికి ఇప్పుడే పోకండి. లేత చిగురును బలవంతంగా పెంచితే పేనుబంక, తామర పురుగులు పిలవకుండానే వస్తాయి.

ఒక్కొక్క కన్ను నుంచి ఒకేచోట రెండు మూడు చిగుళ్ళు లేస్తాయి. నడిమిదానిని ఉంచి పక్కవాటిని అంగుళం లోపల ఉండగానే వేలితో తోసివేయండి.

అభ్యాసం

కత్తెర పట్టడానికి ముందు రోజున మూడు రంగుల దారాలు తీసుకుని, పూర్తిగా తీసివేయవలసిన కొమ్మలకు ఎర్ర దారం, పొట్టి చేయవలసిన వాటికి పచ్చ దారం, సందేహం ఉన్నవాటికి తెల్ల దారం కట్టండి. ఆ రాత్రి మళ్ళీ ఈ పాఠం చదివి, తెల్లవారి చల్లని వేళ తెల్ల దారాలను మాత్రం ఇంకోసారి చూసి తేల్చుకోండి. ఒక నోటుపుస్తకంలో మొక్క పేరు, కోసిన తేదీ, ఉంచిన కొమ్మల లెక్క, ఒక్కో కోత దగ్గర దవ్వ రంగు, మొదటి కన్ను ఉబ్బిన తేదీ రాసిపెట్టుకోండి. తరువాతి పాఠంలో చిగురు జానెడు ఎదిగిన తరువాత చేయవలసిన పనిని, అంటే పక్క మొగ్గలు తుంచడం, తామర పురుగులను మొగ్గ దశలోనే పట్టుకోవడం నేర్చుకునేటప్పుడు ఆ పుస్తకం దగ్గర ఉండాలి.