సైన్సు మూలలు: ముందు ఊహ, తరవాత చెయ్యి

మొదటిసారి ఒకేరోజు తరగతిలో ఆరు లెర్నింగ్ సెంటర్లు (పిల్లలు కొద్దిమందిగా కూర్చుని తామే చేసి చూసే బల్లలు) పెట్టాను. ముప్పై రెండు మంది పిల్లలు, నేను ఒక్కదాన్ని. పావుగంటకే నేలంతా నీళ్లు, అయస్కాంతాలు జేబుల్లో. మీరు ఒక్క బల్లతో మొదలుపెట్టండి. మిగతావాళ్లు ఏదో రాసుకుంటుంటే నలుగురిని పంపండి. సర్దడం అలవాటయ్యాకే పెంచండి. ఇప్పుడు నావి నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండేసి బల్లలు, బల్లకి నలుగురు. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి రెండు ప్రశ్నలే కుదురుతాయి, కాబట్టి మొత్తం రెండు రోజుల పని.

బల్లమీద సామాను పరిచేస్తే సెంటరైపోదు. చేసి చూస్తే తప్ప తేలని ప్రశ్న ఒకటి ఉండాలి. "అయస్కాంతం గురించి తెలుసుకోండి" అని రాస్తే కాసేపు ఆడుకుని లేచిపోతారు. నేను గుండుసూది, రాగి తీగ, ఇత్తడి తాళంచెవి, అల్యూమినియం రేకు, రెండు స్టీలు చెంచాలు పెట్టి, "ఏవి అంటుకుంటాయి?" అని అడుగుతాను. చెంచాల్లో ఒకటి అంటుకునేది, ఒకటి అంటుకోనిది (ముందే పరీక్షించి ఏరాలి). గొడవంతా అక్కడే. స్టీలులో రకాలున్నాయని నేను చెప్పక్కర్లేదు, వాళ్లే పట్టుకుంటారు. అయస్కాంతాలు మాత్రం పెద్ద పట్టీలే ఇవ్వండి. చిన్న బిళ్లలు మింగితే ప్రాణాపాయం.

నీళ్ల బల్లకి ఒక్కటే బంకమట్టి ముద్ద. ఉండ చేస్తే మునుగుతుంది, అదే ముద్దని దొప్పలా ఒత్తితే తేలుతుంది. తొట్టి సగానికే నింపండి, పాత గుడ్డ పక్కనుంచండి.

నేను కూర్చునేది లోలకం దగ్గర. దారానికి నట్టు కట్టి ఊపితే, పొడవు 25 సెంటీమీటర్లున్నప్పుడు పది ఊపులకి 10 సెకన్లు, మీటరున్నప్పుడు 20 సెకన్లు దాదాపుగా వస్తాయి. పోయి వస్తేనే ఒక ఊపు. ఇది చెప్పకపోతే లెక్క సగానికి పడిపోతుంది. బరువైన నట్టు వేగంగా ఊగుతుందని అందరూ పందెం కాస్తారు. నట్టు మార్చినా లెక్క మారదు. వాచీ పాడైందంటారు. మళ్లీ లెక్కపెట్టమంటాను, అంతే. నాలుగోది మొలకలు, భూతద్దం, స్కేలు. అక్కడ నాకు పెద్దగా పనుండదు.

పిల్లలకిచ్చే కాగితం మీద రెండే గడులు. మొదట్లో రెండో గడికి "ఏం తేలింది?" అని పేరు పెట్టాను. నీళ్ల బల్ల దగ్గర ఒక పిల్ల "పడవ" అని రాసింది. తప్పు నాదే. ఇప్పుడు "ఏం జరిగింది?" అంటున్నాను. మొదటి గడి "నా ఊహ". దాన్ని పెన్నుతోనే రాయించండి. పెన్సిలిస్తే ఫలితం చూశాక ఊహ చెరిపేసి సరిదిద్దుకుంటారు, చివరి అయిదు నిమిషాల్లో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.