పైపొట్ట నొప్పి గ్యాస్ కాకపోతే: ప్యాంక్రియాటైటిస్‌లో ఎంజైములు చేసే నష్టం, దానికి చేసే వైద్యం

ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. నొప్పిని గ్యాస్ అనుకుని గంటలకొద్దీ ఓర్చుకునేవాళ్ల కోసం, ఇంట్లోవాళ్లను ఐసీయూలో పెట్టి బయట రిపోర్టులు చేతిలో పట్టుకుని టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

సమస్య: నొప్పి పైపొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోతోంది, గ్యాస్ మాత్రకి లొంగట్లేదు

ముందుకి వంగి కూర్చుంటే కాస్త తెరిపి, వెల్లకిలా పడుకుంటే భరించలేరు, వాంతి అయినా నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

ఇలాంటి నొప్పి ప్యాంక్రియాటైటిస్ కావచ్చు, అంటే పొట్ట వెనక ఉండే ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచడం. ప్యాంక్రియాస్ తయారుచేసే ఎంజైములు (అరుగుదల రసాలు) మాంసాన్నీ కొవ్వునీ కరిగించేవి, అందుకే అవి పనిచెయ్యని రూపంలోనే తయారవుతాయి. అలా తయారయ్యే ట్రిప్సినోజెన్ చిన్నపేగులోకి వచ్చాకే అక్కడి ఎంటెరోకైనేజ్ అనే ఎంజైము దాన్ని ట్రిప్సిన్‌గా మారుస్తుంది, ఆ ట్రిప్సిన్ మిగతా ఎంజైములన్నిటినీ పనిలోకి దింపుతుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి గొట్టం చివర ఇరుక్కున్నా, మద్యం కణాలను దెబ్బతీసినా ఈ మార్పు పేగు దాకా ఆగదు, కాథెప్సిన్ బి అనే ఎంజైము వల్ల ప్యాంక్రియాస్ కణాల లోపలే జరిగిపోతుంది. కొద్దిగా పుట్టిన ట్రిప్సిన్‌ని స్పింక్1 అనే ప్రొటీన్ అణచేస్తుంది కానీ, మోతాదు మించితే దాని వల్ల కాదు. ప్యాంక్రియాస్ తనను తానే అరిగించుకుంటుందని హాన్స్ కియారీ అనే వైద్యుడు 1896లోనే చెప్పాడు.

చేయాల్సింది: ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లండి. గుండెపోటు కూడా కొందరిలో ఇలాగే మొదలవుతుంది కాబట్టి ఈసీజీ అంటే వద్దనకండి.

సమస్య: అమైలేజ్ వేలల్లో ఉంది, ప్రాణానికి ప్రమాదమా?

అమైలేజ్, లైపేజ్ అనేవి ప్యాంక్రియాస్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. ఆ అంకె జబ్బు ఉందో లేదో చెప్తుంది, ఎంత తీవ్రమో చెప్పదు. నార్మల్ పరిమితికి 3 రెట్లు దాటిందా లేదా అన్నదే లెక్క. పైగా అమైలేజ్ 3 నుంచి 5 రోజుల్లో దిగిపోతుంది, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో అసలు పెరగనట్టే కనిపించొచ్చు, అందుకే లైపేజ్ టెస్టే ఎక్కువ నమ్మకం. రోజూ అదే టెస్టు చేయించి అంకె దిగిందా అని చూడటం డబ్బు దండగ. డాక్టర్‌ని మూత్రం ఎంత వస్తోంది, ఆక్సిజన్ ఎంత ఉంది, యూరియా, క్రియాటినిన్ పెరుగుతున్నాయా అని అడగండి.

సమస్య: రెండో రోజుకి ఆయాసం, వేళ్లు తిమ్మిర్లు, బొడ్డు చుట్టూ నీలం

ఒక్కో లక్షణం వెనక ఒక్కో ఎంజైము ఉంటుంది. ఎలాస్టేజ్ రక్తనాళాల గోడల్లోని సాగే పోగులను తినేస్తుంది, దాంతో లోపల రక్తం కారి చర్మం కిందికి చేరి, బొడ్డు చుట్టూ గానీ నడుము పక్కన గానీ కమిలినట్టు కనిపిస్తుంది. లైపేజ్ పొట్టలోని కొవ్వును విడగొడితే వచ్చే ఆమ్లాలు రక్తంలోని కాల్షియంతో కలిసి అక్కడికక్కడే సబ్బులా గడ్డకడతాయి. ఆపరేషన్‌లో పొట్ట తెరిస్తే కొవ్వు మీద సుద్ద చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపించేది దీనివల్లే. రక్తంలో కాల్షియం పడిపోవడానికి ఇదొక కారణం, వేళ్లు తిమ్మిరెక్కడం, కొంకర్లు పోవడం అందుకే. ఫాస్ఫోలైపేజ్ ఏ2 కణాల పొరలనీ, ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు మూసుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్‌నీ చెడగొడుతుంది. అక్కడికి పరుగెత్తే తెల్ల రక్తకణాలు ఎంఎంపీ-9 అనే ఎంజైమును వదులుతాయి, అది సన్న రక్తనాళాల కింద ఉండే కొల్లాజెన్ పొరను చీల్చడంతో నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. ఎలుకల్లో ఈ రకం ఎంజైములను అడ్డుకుంటే ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది, మనుషులకు మాత్రం అలాంటి వైద్యం ఇంకా రాలేదు.

చేయాల్సింది: ఐసీయూ, ఆక్సిజన్. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చేముందు అయోనైజ్డ్ కాల్షియం (రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉండే కాల్షియం) చూస్తారు, ఎందుకంటే కాల్షియంను పట్టుకుని ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గినా మొత్తం కాల్షియం తక్కువగానే కనిపిస్తుంది.

సమస్య: మరి ఆ ఎంజైములను ఆపే మందు ఇవ్వరేం?

నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే. ట్రిప్సిన్‌ని ఆపే అప్రోటినిన్ అనే మందు ఇచ్చి చూశారు, మరణాలు తగ్గలేదు. మనిషి ఆస్పత్రి చేరేసరికి ఎంజైము చెయ్యాల్సింది చేసేసి ఉంటుంది, ఆ తర్వాత లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) దానంతట అదే పెరుగుతుంది.

అందుకే వైద్యం సాదాగా కనిపిస్తుంది: రింగర్ లాక్టేట్ సెలైన్, నొప్పికి గట్టి మందు, వాంతులు తగ్గి తినగలిగితే తొందరగా తిండి. సెలైన్ ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదన్న నమ్మకాన్ని 2022లో వాటర్‌ఫాల్ ట్రయల్ తోసిపుచ్చింది, ఎక్కువ ఎక్కించినవాళ్లలోనే ఎక్కువమందికి ఒంట్లో నీరు చేరింది. ఇన్ఫెక్షన్ లేకుండా ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్ అక్కర్లేదు.

సమస్య: రెండు మూడు వారాల తర్వాత మళ్లీ జ్వరం

ప్యాంక్రియాస్‌లో, దాని చుట్టూ చచ్చిపోయిన భాగానికి ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. సీటీ తీస్తారు, యాంటీబయాటిక్ ఇప్పుడు అవసరమే. వెంటనే కోసి తీసేయమని ఒత్తిడి చేయకండి, దాని చుట్టూ గోడ కట్టడానికి దాదాపు 4 వారాలు పడుతుంది. మనిషి తట్టుకోగలిగితే అప్పటిదాకా ఆగి, ముందు ట్యూబ్ వేసి చీము తీస్తారు, దాంతో కుదరకపోతేనే చచ్చిన భాగాన్ని తీసేస్తారు.

సమస్య: తగ్గింది, మళ్లీ వస్తుందా?

కారణం అలాగే ఉంటే వస్తుంది. రాళ్లవల్ల వచ్చి, జబ్బు తేలికపాటిదైతే ఇంటికి పంపేముందే పిత్తాశయం తీయించుకోండి, తర్వాత చూద్దాం అని వాయిదా వేసినవాళ్లలో కొందరు అదే నొప్పితో మళ్లీ ఆస్పత్రిపాలవుతారు. మద్యం వల్లయితే పూర్తిగా మానాలి, తగ్గిస్తే సరిపోదు. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటి ఉంటే మందులు, తిండి రెండూ మార్చుకోవాలి, షుగర్ కూడా అదుపులో పెట్టుకోవాలి.