ఫ్రెంచి విప్లవం చదవాలా? రొట్టె ధర దగ్గర మొదలుపెట్టండి

నేను ఫ్రెంచి విప్లవం మొదటిసారి చదివింది గ్రూప్స్ కోసం. కోచింగ్‌లో ఇచ్చిన జిరాక్స్ నోట్సులో కారణాలు ఐదు, ఫలితాలు ఆరు, మధ్యలో బాస్టిల్ కోట బొమ్మ ఒకటి. బట్టీ పట్టాను, రాశాను, నెల తిరిగేసరికి 1789 అన్న అంకె తప్ప బుర్రలో ఏమీ మిగల్లేదు. కొన్నేళ్ళ తర్వాత ఏ పరీక్షా లేనప్పుడు తీరుబడిగా మళ్ళీ మొదలుపెడితే, అప్పుడు పట్టుకుంది. ఎలా చదివానో, ఎక్కడ టైమ్ వేస్ట్ చేసుకున్నానో చెప్తాను, మీకు ఆ తిప్పలు తప్పుతాయి.

ముందు ఒక్క ప్రశ్న పెట్టుకోండి. 1789 మే 5న వెర్సాయ్‌లో ఎస్టేట్స్ జనరల్ (మతగురువులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభ, తర్వాత ఇదే జాతీయ అసెంబ్లీ అయింది) కూర్చుంది. అంతకుముందు అది కూర్చున్నది 1614లో, అంటే 175 ఏళ్ళు దాన్ని పిలిచిన నాథుడే లేడు. ఆ రోజు వచ్చిన ప్రతినిధుల్లో అసలు రాజే వద్దు అన్నవాళ్ళు దాదాపు ఎవరూ లేరు. 1793 జనవరి 21న అదే రాజు 16వ లూయీ తల తీసేశారు. మధ్యలో ఉన్నది మూడేళ్ళ ఎనిమిది నెలలు. ఈ మూడేళ్ళ ఎనిమిది నెలల్లో ఏం జరిగింది? ఇదొక్కటే ప్రశ్న. ఏది చదివినా దీనికి పనికొస్తుందా అని చూసుకుంటూ పోతే చాలు, ఐదు కారణాల లిస్టు అవసరమే ఉండదు.

అసలు ఎందుకు చదవాలి అంటారా? రోజూ టీవీ డిబేట్లలో లెఫ్ట్, రైట్ అంటుంటాం కదా, ఆ మాటలు పుట్టింది 1789 అసెంబ్లీలో ఎవరు ఏ వైపు కూర్చున్నారన్న దాని నుంచే. కిరాణా కొట్లో కిలో కందిపప్పు అంటాం, ఆ కొలత 1795లో విప్లవ ప్రభుత్వం చేసిన చట్టం. కానీ నన్నడిగితే అసలు కారణం ఇంకోటి: మంచి చేద్దామని బయల్దేరినవాళ్ళు ఒక్కో అడుగూ వేసుకుంటూ ఎక్కడిదాకా వెళ్ళగలరో తారీఖులతో సహా, వాళ్ళ మాటల్లోనే దొరికే చరిత్రలు తక్కువ.

ఇక రొట్టె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయం చేయబోయి ఫ్రాన్స్ అప్పుల్లో కూరుకుపోయింది, 1788 నాటికి ఖజానా ఖర్చులో సగం దాకా అప్పుల కిందికే పోతోంది. అదే ఏడాది జులై 13న పెద్ద వడగళ్ళవాన, పంట పోయింది. పారిస్‌లో మామూలుగా 8, 9 సూలు (సూ అంటే అప్పటి చిల్లర నాణెం) ఉండే నాలుగు పౌండ్ల రొట్టె (మన లెక్కలో దాదాపు 2 కిలోలు) 1789 ఫిబ్రవరికి 14న్నర సూలైంది. కూలివాడి రోజు సంపాదన 20 నుంచి 30 సూలు. కాగితం తీసుకుని మీరే లెక్క వేయండి: 25 సూలు తెచ్చేవాడు 14న్నర రొట్టెకే పెడితే అద్దెకెంత, పొయ్యిలోకి కట్టెలకెంత, కూరాకుకెంత? పైగా రొట్టె వాళ్ళకి పక్కన నంజుకునేది కాదు, మన ఇంట్లో అన్నం ఎలాగో అలా. ఈ లెక్క ఒకసారి చేతితో వేస్తే అక్టోబర్ 5 అర్థమవుతుంది. ఆ రోజు పారిస్ మార్కెట్ ఆడవాళ్ళు వేల సంఖ్యలో, వానలో, దాదాపు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ వెళ్ళి, మర్నాడు రాజుని కుటుంబంతో సహా పారిస్‌కి తీసుకొచ్చేశారు. దారిలో వాళ్ళు అన్న మాట: రొట్టెలవాణ్ణి, రొట్టెలవాడి పెళ్ళాన్ని, రొట్టెలవాడి పిల్లాణ్ణి తెస్తున్నాం (అంటే రాజు, రాణి, వాళ్ళ కొడుకు).

(రొట్టె లేకపోతే కేకులు తినమని రాణి మేరీ ఆంటోయినెట్ అనలేదు, దయచేసి నోట్సులోంచి కొట్టేయండి. ఎవరో రాకుమారి అన్నట్టుగా ఆ మాట తత్వవేత్త రూసో ఆత్మకథలో ఉంది, ఆయన ఆ భాగం రాసేనాటికి ఈవిడ ఆస్ట్రియాలో చిన్నపిల్ల.)

రెండో మెట్టు, ఆ కాలపు కాగితాలు చదవడం. నేను చాలా ఆలస్యంగా చేసిన పని ఇది, మీరు ముందే చేయండి. ఎస్టేట్స్ జనరల్‌కి ముందు రాజు ఊరూరా మీ కష్టాలేంటో రాసి పంపమన్నాడు, దేశం మొత్తం మీద దాదాపు 60,000 అర్జీలు తయారయ్యాయి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలు ఎప్పుడైనా చూశారా, ఇవీ అలాగే ఉంటాయి. ఉప్పు పన్ను, చర్చికి ఇచ్చే పంటలో వాటా, జమీందారు మరలోనే పిండి ఆడించుకోవాలన్న నిర్బంధం. కొన్నింట్లో పక్కూరి అర్జీలో ఉన్న వాక్యమే మక్కీకి మక్కీ ఉంటుంది, ఎందుకంటే టౌన్ల నుంచి నమూనా కాగితాలు తిరిగేవి. కాబట్టి ఊరికే తేలిపోయే పెద్ద మాటలు కనిపిస్తే కాస్త అనుమానించండి, పావురాల గురించి ఉంటే నమ్మండి.

అవును, పావురాలే. ప్రభువులకి పావురాల గూళ్ళు పెట్టుకునే హక్కు ఉండేది, అవి రైతు చేలో వాలి గింజలు తినేవి, రైతు వాటిని కొట్టకూడదు. చల్లిన విత్తనం కళ్ళ ముందే పోతుంటే చేతులు కట్టుకుని నిలబడాలి. 1789 వేసవిలో పల్లెల్లో పుకార్లు లేచి, రైతులు కోటల మీద పడి శిస్తు పత్రాలు తగలబెడుతుంటే, భయపడ్డ అసెంబ్లీ ఆగస్టు 4 రాత్రి కూర్చుని ప్రభువుల హక్కులు రద్దు చేసింది. ఆ తీర్మానాల్లో మొదటిది ఫ్యూడల్ వ్యవస్థ రద్దు. రెండోది? పావురాలు. ఫలానా రుతువుల్లో వాటిని గూళ్ళలో మూసి ఉంచాలి, లేకపోతే ఎవరి పొలంలో వాళ్ళు చంపుకోవచ్చు అని రాసుకున్నారు. మానవ హక్కుల ప్రకటన వచ్చింది ఆ తర్వాత, ఆగస్టు 26న. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

వీటి కోసం డబ్బు పెట్టక్కర్లేదు. జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళు నడిపే సైట్‌లో ముఖ్యమైన పత్రాలు ఇంగ్లిష్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఫ్రెంచి వచ్చినవాళ్ళకి ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ ఆన్‌లైన్ లైబ్రరీ గాలికా ఉండనే ఉంది. పేర్లతో మాత్రం ఇబ్బంది, విప్లవ కాలపు పత్రికా రచయితని మనం మారట్ అంటే వాళ్ళు మారా అంటారు, వీడియోలు చూసేటప్పుడు ఇద్దరు మనుషులనుకునే ప్రమాదం ఉంది (నేను అనుకున్నాను). రెండు ఉచ్చారణలూ రాసిపెట్టుకోండి.

కాగితం దొరికింది కదా అని గుడ్డిగా నమ్మకూడదు కూడా. జనం దాడితో బాస్టిల్ జైలు కోట కూలిన 1789 జులై 14న 16వ లూయీ డైరీలో ఒకటే మాట రాశాడు: ఏమీ లేదు. దీన్ని పట్టుకుని రాజు ఎంత మొద్దో చూడండని వంద వీడియోలు. కానీ అది ప్రధానంగా వేట డైరీ, ఆ రోజు వేటకి వెళ్ళలేదని దానర్థం. ఇది తెలిశాక నేను ఏ కోట్ చూసినా అది ఎక్కడ, ఎందుకు రాసిందో ముందు చూస్తున్నాను.

నోట్‌బుక్ ఇలా పెట్టుకోండి. పేజీకి నాలుగు గడులు: తారీఖు, పారిస్‌లో ఏం జరిగింది, బయట (పల్లెలు, సరిహద్దు, ఫ్రాన్స్ వలస రాజ్యాలు) ఏం జరిగింది, రొట్టె ధర లేదా డబ్బు విలువ. మూడో గడి ఖాళీగా వదలొద్దు, అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది. 1791 ఆగస్టులో సాన్-దొమాంగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, బానిసలు తిరగబడ్డారు. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులని 1789లో రాసిన ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది 1794 ఫిబ్రవరి 4న, అదీ ఆ తిరుగుబాటు మెడ మీద కూర్చున్నాక. 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు.

మన ప్రశ్నకి జవాబు చాలావరకు రెండు తారీఖుల్లో ఉంది. 1791 జూన్ 20 రాత్రి రాజు మారువేషంలో సరిహద్దు వైపు పారిపోతూ, మర్నాడు వారెన్ అనే ఊళ్ళో దొరికిపోయాడు. వెళ్తూ వెళ్తూ విప్లవాన్ని తిడుతూ ఒక ప్రకటన రాసి వదిలి వెళ్ళాడు, ఇక ఎవరో ఎత్తుకుపోయారు అని అసెంబ్లీ సర్దిచెప్పినా నమ్మడం కష్టమైంది. రెండోది 1792 ఏప్రిల్ 20, ఆస్ట్రియా మీద యుద్ధం. రాణి పుట్టిల్లే శత్రువైంది. అక్కడి నుంచి ప్రతి ఓటమికీ ఇంటిదొంగ ఎవరా అని వెతకడం మొదలైంది, ఆగస్టు 10న జనం రాజభవనం మీద పడ్డారు.

తర్వాత 1793, 94ల్లో వచ్చే భీతావహ పాలన (ఇంగ్లిష్‌లో రెయిన్ ఆఫ్ టెర్రర్) దగ్గర చాలామంది సినిమా చూసినట్టు చదివేస్తారు. అంకెలు ముందు చూడండి: విచారణ జరిపి మరణశిక్ష వేసింది దాదాపు 17,000 మందికి, అందులో పారిస్‌లో 2,600 పైచిలుకు. ఎక్కువ భాగం అంతర్యుద్ధం నడుస్తున్న పడమటి జిల్లాల్లో, లియాన్ చుట్టుపక్కల. ప్రభువులు పదో వంతు కూడా లేరు, మిగతా ఎక్కువమంది సామాన్యులే. విచారణ లేకుండా పోయినవాళ్ళు, జైళ్ళలో పోయినవాళ్ళు వేరే. యుద్ధం ముంచుకొచ్చి ఇలా అయిందని ఒక వర్గం చరిత్రకారులు, కాదు 1789 ఆలోచనల్లోనే ఆ విత్తనం ఉందని ఇంకో వర్గం, ఈ వాదన ఇంకా తెగలేదు. రెండు వైపుల నుంచీ ఒక్కో పుస్తకం చదవండి, మొదటిది చదివాక చాలనిపిస్తుంది, అప్పుడే ఆపకండి. నాకైతే వారెన్, యుద్ధం లేకుండా ఆ పాలనని ఊహించడం కష్టం.

క్యాలెండర్ ఒక తలనొప్పి. 1793 అక్టోబర్‌లో వారానికి పది రోజుల కొత్త క్యాలెండర్ పెట్టి, లెక్క మాత్రం 1792 సెప్టెంబర్ 22 నుంచి మొదలుపెట్టారు. ఆ క్యాలెండర్‌లో థర్మిడార్ నెల 10 అంటే 1794 జులై 28, భీతావహ పాలనలో ముఖ్య నాయకుడు రోబెస్పియర్ తల తెగిన రోజు. మార్చుకునే పట్టిక ఒకటి ప్రింట్ తీసి నోట్‌బుక్ అట్టకి అంటించుకోండి, బట్టీ పట్టొద్దు. పదో రోజుకి గానీ సెలవు రాదని కూలీలు గొణిగారు, ఎవరైనా గొణుగుతారు.

మొదటి విడతకి రోజుకి గంట చొప్పున రెండు నెలలు చాలు, 1793 జనవరి దగ్గర ఆగి వారం గ్యాప్ ఇవ్వండి. 1795 నుంచి 1799 దాకా నడిచిన డైరెక్టరీ (ఐదుగురు డైరెక్టర్ల ప్రభుత్వం) నిజంగానే విసుగు, మొదటిసారి పైపైన చూసి వదిలేసినా కొంప మునగదు.

నా మూడో గడిలో మనవైపు పేర్లు కూడా వస్తాయని అనుకోలేదు. రాజు తల తెగిన 11 రోజులకి ఫ్రాన్స్ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది, అదే ఏడాది పుదుచ్చేరి, యానాం ఇంగ్లిషు వాళ్ళ చేతికి పోయాయి. హైదరాబాద్‌లో నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచివాడి కింద పెద్ద పటాలం ఉండేది, విప్లవపు ఫ్రాన్స్ ఇటు కూడా దిగుతుందేమోనని ఇంగ్లిషు గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అదొక టెన్షన్. 1798 మార్చిలో రేమండ్ పోయాడు, సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లిషు వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబర్‌లో ఆ ఫ్రెంచి పటాలం ఆయుధాలు లాగేసుకున్నారు. రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పక్కనున్న మూసారాంబాగ్ పేరు ఆయన పేరు మీదే వచ్చిందంటారు, మెట్రో దిగితే దగ్గరే.