ఎండాకాలం కాల్స్‌కి వెళ్లేముందు: కరెంటు జాగ్రత్తలు

యాసంగి కోతలు మొదలయ్యాయంటే నల్లగొండ, పాలమూరు ఫైర్ స్టేషన్లకు ఫోన్లే ఫోన్లు. కొయ్యకాళ్లకు పెట్టిన మంట పక్క చేనుకు పాకిందనో, గడ్డివాము అంటుకుందనో, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతోందనో. కొత్తగా చేరిన తమ్ముళ్లకు ముందే చెప్తున్నా, "కరెంటు బంద్ చేసినం అన్నా" అని ఊళ్లో పదిమంది అన్నా పైపు పట్టుకొని ముందుకు ఉరకొద్దు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపించిన అనుమతి) తీసుకున్నానని లైన్‌మన్ స్వయంగా చెప్పాలి, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తెరిచి ఉందో లేదో మీరు కళ్లారా చూడాలి. అప్పుడు కూడా ఏ ఇంట్లోనో జనరేటర్ నడుస్తుంటే అదే లైన్లోకి వెనక నుంచి కరెంటు రావచ్చు, అందుకే లైన్‌ను ఎర్త్ చేసేదాకా (తీగను భూమికి కలిపేదాకా) అది బతికున్న తీగే.

అన్నిటికంటే నాకు భయం తెగిపడ్డ 11 కేవీ (11 వేల వోల్టుల) తీగంటే. నేల మీద పడగానే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) ట్రిప్ అవుతుందన్న, అంటే తనంతట తానే ఆగిపోతుందన్న నమ్మకం లేదు. నిప్పురవ్వ లేదు, చప్పుడు లేదు, తీగ ఊరికే పడి ఉన్నట్టే ఉంటుంది, కానీ చుట్టూ నేలలో కరెంటు పాకుతూ ఉంటుంది, మీరు అడుగు వేస్తే ఒక కాలి దగ్గర ఒక వోల్టేజి, ఇంకో కాలి దగ్గర ఇంకో వోల్టేజి. కనీసం 10 మీటర్ల దూరంలో ఆగండి, తడి మడి అయితే ఇంకా దూరం. తెలియక దగ్గరికి వెళ్లిపోతే రెండు పాదాలు ఆనించి, నేల మీంచి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరుపుతూ వెనక్కి రండి. హార్వెస్టర్‌కి తీగ తగిలితే డ్రైవర్‌ని దిగనివ్వొద్దు. బండి అంటుకుంటే మాత్రం బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకమనండి.

మన ఫైర్ గ్లౌజులు, గమ్‌బూట్లు కరెంటును ఆపవు. అల్యూమినియం నిచ్చెన లైన్ కింద లేపొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మంటకు నీళ్ల ధార కొడితే ఆయిల్ చిమ్మి మంట ఇంకా పాకుతుంది, పౌడర్ గానీ, కరెంటు ఆగిందని తేలాక ఫోమ్ గానీ వాడండి. సోలార్ ప్యానెళ్లకు మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు డీసీ వైర్లలో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ ఆరిందనుకున్న గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకుంటుంది, నీళ్లు బాగా పోసి, ఇళ్లకు దూరంగా పెట్టించి, కాపలా ఉంచండి.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచినప్పుడు 9 మంది బయటికి రాలేకపోయారు. కేబుళ్ల పొగ విషం. సబ్‌స్టేషన్ గది చిన్నదే కదా అనుకోకుండా బీఏ సెట్ (ఊపిరికి గాలి సిలిండర్, మాస్క్) తగిలించుకొనే లోపలికి పోవాలి.

బండి కదలకముందే కాల్ చేసినవాళ్లను ఊరి లైన్‌మన్ నంబర్ అడగండి, దొరక్కపోతే కరెంటు ఆఫీసు హెల్ప్‌లైన్ 1912కు చెప్పండి.